మా కుక్క ఏమీ అనదండీ!

కుక్కల్ని పెంచేవాళ్లందరికీ కంఠతా వచ్చిన వాక్యం ఒకటుంది. పార్కులో, లిఫ్టులో, పాలబూత్ దగ్గర... ఎక్కడైనా సరే, ఎదుటి మనిషి రెండడుగులు వెనక్కి వేశాడంటే చాలు, అది టక్కున బయటికొస్తుంది. 'భయపడకండి, మా కుక్క ఏమీ అనదండీ!' అని. అన్నవాళ్ల ముఖంలో చిరునవ్వు. విన్నవాళ్ల ముఖంలో చెమట. ఇన్నాళ్లూ వీధుల్లో తిరిగిన ఈ వాక్యం ఇప్పుడు కొండెక్కింది.

దీపం కొండెక్కితే ఆరిపోయిందంటాం. ఈ వాక్యం అలా ఆరిపోయే రకం కాదు. సెలవొస్తే చాలు ట్రెక్కింగనీ, రాళ్లెక్కడమనీ బయల్దేరే కుర్రకారుతోపాటు అదీ కారెక్కుతుంది.

కనిగిరినే చూడండి. ఊరి పేరులోనే గిరి ఉంది. పక్కనే దుర్గం కొండ, దానిమీద పాతకోట ఆనవాళ్లు. సంక్రాంతికి బెంగళూరు నుంచో హైదరాబాద్ నుంచో ఇంటికొచ్చిన పిల్లలు 'పొద్దున్నే దుర్గమెక్కి ఫొటోలు దిగొద్దాం' అనుకుంటారు. కారు వెనక సీట్లో లాబ్రడారో జర్మన్ షెపర్డో ఉంటుంది. నగరంలో మూడో అంతస్తు ఫ్లాటులో ఏడాదంతా మగ్గిన జీవం అది. దానికీ పండగే కదా! కొండ కింద కారాపి తలుపు తీయగానే, ముందు దిగేది అదే. బెల్టు మాత్రం సీటు మీదే ఉండిపోతుంది.

కానీ ఆ కొండ ఖాళీగా లేదు. జీవాలు తోలుకెళ్లే కాపరులున్నారు. కట్టెలకొచ్చే అవ్వలున్నారు. మొక్కు తీర్చుకోవడానికి చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లున్నారు. వాళ్లెవరికీ మీ టామీతో పరిచయం లేదు.

ఇక తాళ్లు కట్టుకుని బండలెక్కేవాళ్ల సంగతి. మన తెలుగునాట ఈ విద్యకి పెద్ద బడి భువనగిరి. ఊరి నడుమ లేచిన ఏకశిల అది. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ బండలమీద తొలి పాఠాలు నేర్చింది అక్కడే. 2014 మే 25న ఆ ఇద్దరూ ఎవరెస్టు మీద నిలబడ్డారు. అప్పటికి పూర్ణకి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ తర్వాత బండలెక్కడమంటే మనవాళ్లకి మోజు పెరిగింది. హైదరాబాదులో ఖాజాగూడ గుండ్లున్నాయి, సరిహద్దు దాటితే హంపి. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి శని, ఆదివారాలు ఇదో వ్యాపకం. వాళ్లలో కుక్కలున్నవాళ్లూ ఉంటారు. అవీ వెంట వస్తాయి.

బండ కింద ఏం జరుగుతుందో చూడనివాళ్లకోసం కాస్త వివరంగా చెప్పాలి. పైకెక్కే మనిషి నడుముకి తాడు కట్టుకుంటాడు. ఆ తాడు రెండో కొస కింద నిలబడ్డ ఇంకో మనిషి చేతిలో ఉంటుంది. ఆయన్ని బిలేయర్ అంటారు. పైవాడు ఒక్కో అడుగూ వేస్తుంటే కిందివాడు తాడు వదులుతూ, బిగిస్తూ ఉంటాడు. పైన కాలు జారిందా... ఆ క్షణంలో కింద చేయి బిగుసుకోవాలి. అంతే! రెండో అవకాశం ఉండదు. అందుకే బిలేయర్‌తో కబుర్లాడకూడదు, ఫోను మోగినా ఎత్తకూడదు అంటారు. మరి అదే సమయంలో నలభై కిలోల కుక్క వచ్చి ఆయన మోకాళ్లమీద ముందుకాళ్లు మోపి ముద్దులు పెడితే? పోనీ కాళ్ల చుట్టూ తిరిగి తాడుని చుట్టేస్తే? అది కరవదు. నిజమే! కానీ ఆ ముద్దు ఖరీదు పైనున్నవాడి నడుము కావచ్చు.

కొందరు తమ కుక్కని తామే ఎక్కడికీ పోకుండా చూసుకోవాలని దాని గొలుసుని నడుముకి తగిలించుకుని మరీ తాడు పట్టుకుంటారు. ఇది ఇంకా ప్రమాదం. ఉడతని చూసి కుక్క ఒక్క లాగు లాగితే మనిషి పక్కకి తూలతాడు. తాడు పట్టే మనిషి, కుక్కని పట్టే మనిషి వేర్వేరుగా ఉండాలి. ఇందులో బేరాల్లేవు.

తాడుమీద కూర్చోవడం కుక్కలకి మహా ఇష్టం. మెత్తగా చుట్ట చుట్టి ఉంటుంది కదా, పరుపనుకుంటాయి. ఎక్కేవాళ్లేమో తాడుమీద కాలుకూడా పెట్టరు. ఇసుక రేణువులు పోగుల్లోకి దూరితే లోపల్లోపల కోస్తూ ఉంటాయి. పైకి కనిపించదు. ప్రాణం వేలాడేది దానిమీదే. ఇక కాలెత్తే అలవాటున్న మగకుక్క ముందు వరసగా సంచులు పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ఒకరి టిఫిన్ డబ్బా ఉన్న సంచిమీద ఆ పని జరిగాక స్నేహాలు నిలవడం కష్టం.

చిన్న గుండ్లమీద తాడు లేకుండా ఎక్కే పద్ధతి ఒకటుంది. కింద మందపాటి పరుపు పరుస్తారు. జారితే దానిమీద పడాలి. ఎండ ముదిరిన కొద్దీ నీడపట్టున ఉన్న ఆ పరుపే కుక్కకి స్వర్గం. మనిషి పైనుంచి వచ్చి దానిమీద పడ్డాడంటే ఇద్దరికీ ఎముకలు మిగలవు.

పైనుంచి రాయి దొర్లినప్పుడు 'రాయి! రాయి!' అని అరుస్తారు. మనుషులైతే తలమీద హెల్మెట్ ఉంటుంది, బండకి అతుక్కుపోతారు. కుక్కకి ఈ భాష రాదు. అరుపు విని, యజమాని పిలిచాడనుకుని ఆ రాయికి ఎదురెళ్లినా వెళ్తుంది. కాబట్టి దాన్ని కట్టేయాల్సింది బండ మొదట్లో కాదు. పక్కకి జరిగి, రాళ్లు పడని చోట, చెట్టు నీడన. పక్కన మనిషి ఉండాలి. ఎందుకంటే యజమాని పైకెళ్లడం మొదలుపెట్టగానే చాలా కుక్కలు ఏడుపు లంకించుకుంటాయి. తన మనిషి గోడెక్కి వెళ్లిపోతుంటే దానికి గుండె ఆగినంత పని మరి! ఆ మొరుగుడులో పైవాడు 'తాడు బిగించు' అన్నది కిందివాడికి వినబడదు. అలాంటి కుక్కని ఇంటిదగ్గర వదలడమే దానికి మీరు చేసే మేలు.

సరే, ఇవన్నీ తాళ్ల సంగతులు. తాడు లేని మామూలు కొండమీద కూడా ఆ వాక్యంతో పేచీ ఉంది. నన్నడిగితే అసలు పేచీ అక్కడే ఉంది.

'ఏమీ అనదు' అన్నది మీకు తెలిసిన విషయం. ఎదుటివాళ్లకి తెలిసిన విషయం వేరు. మన దేశంలో కుక్కంటే భయం ఉత్త పిరికితనం కాదు. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడ్డాయంటే మనిషి దక్కడం దాదాపు అసాధ్యం. ప్రపంచంలో ఏటా 59 వేల మంది దీనికి బలవుతున్నారని ఒక అంచనా. అందులో మూడోవంతుకి పైగా మనవాళ్లే. కరిచిన కుక్క లాబ్రడారా, ఊరకుక్కా అని వైరస్ అడగదు. మీ కుక్క ఆటకి గోరు గీరి రక్తం చిమ్మినా, ఆ మనిషి పంపు కింద పదిహేను నిమిషాలు సబ్బుతో కడుక్కోవాలి, ఆస్పత్రికి పరిగెత్తాలి. సర్కారు దవాఖానాలో చర్మంలోకి వేసే సూదులైతే ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు... నాలుగుసార్లు తిరగాలి. మిరపకాయల కోతలో ఉన్న కూలిమనిషికి నాలుగుసార్లు తిరగడమంటే నాలుగు రోజుల కూలి పోవడమే. గాయం లోతైతే దాంతోపాటు ఇంకో మందు కూడా కావాలి. కొండమీద పంపు ఎక్కడుంటుంది? సబ్బెక్కడుంటుంది?

ఇదంతా ఆ అవ్వకి తెలుసు. వాళ్ల వాడలో ఎవరో ఒకరికి జరిగే ఉంటుంది. ఆమె కర్ర ఎత్తితే 'కుక్కని కొట్టబోతోంది' అని మీరు అలిగి ప్రయోజనం లేదు. ఆమె భయపడకుండా ఉండాల్సిన అవసరం ఆమెకి లేదు. ఆమె దాటేదాకా గొలుసు బిగించి, దారికి పక్కన నిలబడాల్సిన అవసరం మీకుంది. 'ముందు మీరెళ్లండి అవ్వా, దీన్ని నేను పట్టుకున్నాను' అంటే చాలు. ఈ రెండో ముక్క మొదటి వాక్యంకంటే పెద్దదేం కాదు.

టీకా కార్డు ఫొటో ఫోనులో పెట్టుకోండి. కుక్కపిల్లకి మూడు నెలల వయసులో మొదటి రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి. ఏదైనా జరిగితే వాదన కాదు, ఆ కార్డు చూపించాలి. చూపించినా సరే, ఎదుటివాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్తామంటే ఆపొద్దు. కారు మీదే కదా, తీసుకెళ్లండి.

కాపరుల సంగతి వేరే చెప్పుకోవాలి. ఈ ప్రాంతమంటేనే గొర్రెలు. దేశమంతా నెల్లూరు గొర్రెగా పేరుపడ్డ జాతికి ప్రకాశం, నెల్లూరు మెట్టభూములే పుట్టిల్లు. తెల్లటి ఒంటిమీద నల్లమచ్చలుంటే జుడిపి, తెల్లగా ఉంటే పల్ల, ఎర్రగా ఉంటే దొర. మంద కొండవాలున మేస్తుంటే వదిలేసిన కుక్క 'ఆడుకుందాం రా' అని దూకుతుంది. గొర్రెకి ఆటలు తెలియవు. ఒకటి బెదిరిందంటే వెనక యాభై బెదురుతాయి. రాళ్లమీద కాళ్లు విరుగుతాయి. చూలుతో ఉన్నవాటికి కడుపు పోతుంది. కుక్క ఒక్కదాన్నీ ముట్టి ఉండకపోవచ్చు. 'ఏమీ అనలేదు కదా' అంటారు మీరు. ఆ కాపరికి మాత్రం ఏడాది ఆదాయంలో కోత పడింది.

అదీగాక మంద వెంట వాళ్ల కుక్కలుంటాయి. అవి ఉద్యోగస్తులు! కొత్త కుక్క కనబడితే ఊరుకోవడానికి జీతం తీసుకోవడం లేదు. మీ సుకుమారం మీదికి అవి నాలుగైదు కలిసి వస్తే తప్పు వాటిది కాదు. రాళ్లు విసిరి వాటిని తరమబోకండి. 'నాయనా, కుక్కని పట్టుకోండి, జీవాలు బెదురుతాయి' అని కాపరి దూరం నుంచే కేకేస్తాడు. ఆ కేక విన్నాక మీరు ఆగాలి, మంద పోవాలి. అరగంట పడితే అరగంట.

ఇంగ్లండులో ఈ విషయాన్ని మర్యాదకి వదిలేయకుండా చట్టంలోనే రాసుకున్నారు. కొండలు, బీళ్లలో జనం స్వేచ్ఛగా తిరగొచ్చని 2000లో చేసిన చట్టంలోనే కుక్కల షరతు కూడా ఉంది. మార్చి 1 నుంచి జులై 31 దాకా, నేలమీద పక్షులు గుడ్లు పెట్టే కాలంలో, రెండు మీటర్లకి మించని తాడుతో పట్టుకోవాలి. పశువుల దగ్గరైతే ఏడాది పొడవునా అంతే. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు ఎగబడి వెళ్లే యోసెమిటీలో తారు వేయని కాలిబాటల్లోకి సాధారణంగా కుక్కని రానివ్వరు. బండలెక్కేవాళ్లకి పుణ్యక్షేత్రంలాంటి జాషువా ట్రీలో అయితే రోడ్డుకి, బస చేసే చోటుకి వంద అడుగుల లోపలే ఉండాలి. అక్కడ ఈ నిబంధనలన్నీ బుద్ధిగా పాటించే మన పిల్లలే ఇక్కడ కారు దిగగానే గొలుసు ఎందుకు విప్పుతారో!

ఇక్కడా చట్టం లేకపోలేదు. తన జంతువు వల్ల మనుషులకి ప్రమాదం రాకుండా తగిన జాగ్రత్త తీసుకోనివాళ్లకి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల జైలు, ఐదువేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. మరోపక్క 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, ఎప్పుడూ గొలుసుతో కట్టేసి ఉంచే కుక్కని సరిగ్గా తిప్పకపోవడం కూడా నేరమే అంటుంది. అంటే తిప్పాలి... పట్టుకుని తిప్పాలి.

కొండ లోపలి ప్రాణులకీ ఈ వాక్యం తెలియదు. నల్లమల, వెలిగొండల వైపు గుండ్ల మధ్య సొరికెల్లో ఎలుగుబంటి పగలంతా పడుకుంటుంది. వదిలేసిన కుక్క వాసన పట్టి సొరికెలో తల దూర్చి మొరుగుతుంది. ఎలుగు లేస్తుంది. అప్పుడు కుక్క ఎటు పరిగెడుతుంది? నేరుగా యజమాని దగ్గరికే! వెనక ఎలుగు. చిరుతకైతే కుక్క ఇష్టమైన ఆహారం. గుళ్లున్న కొండలమీద కోతుల్ని తరిమితే అవి కొబ్బరిచిప్ప పట్టుకున్న పిల్లల మీదికి మళ్లుతాయి. 2018లో గుజరాత్ గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోతే, కొన్నిటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. అది ప్రధానంగా కుక్కల జబ్బు. మీ కుక్కకి రేబిస్‌తోపాటు ఆ టీకా కూడా వేయించాలనేది అందుకే. రక్షిత అడవుల్లోకైతే దాన్ని అసలు తీసుకెళ్లకండి.

ఇప్పుడు కాస్త ముక్కు మూసుకోవాలి. కొండమీద మలవిసర్జన చేసిన కుక్కని చూసి అందరూ ఆకాశంలోకి చూస్తారు. 'మట్టిలో కలిసిపోతుందిలే' అంటారు. బండమీద మట్టెక్కడిది? కుక్క పేగుల్లో ఉండే కొంకిపురుగుల గుడ్లు ఆ మలంలో బయటికొచ్చి, తడినేలలో పిల్లలవుతాయి. అవి ఒట్టి పాదాల చర్మంలోంచి లోపలికి దూరి ఎర్రటి గీతల్లా పాకుతాయి, విపరీతమైన దురద. మన కొండలమీద ఒట్టి పాదాలతో నడిచేదెవరో ఇందాకే చెప్పుకున్నాం... మొక్కుబడి వాళ్లు. జేబులో రెండు ప్లాస్టిక్ కవర్లు పెట్టుకుని, ఎత్తి, ముడేసి, కిందికి తెచ్చుకోవడం ఒక్కటే దారి. ముడేసి చెట్టుకొమ్మకి తగిలించి వచ్చేవాళ్లూ ఉన్నారు. అదేం మొక్కో!

బండల మధ్య వాననీళ్లు నిలిచే దొనలుంటాయి. మెట్టసీమలో దొన అంటే చిన్న విషయం కాదు. గొర్రెలు, కోతులు, పిట్టలు, ఒక్కోసారి కాపరి కూడా ఆ నీళ్లే తాగుతారు. లాబ్రడార్‌కేమో నీళ్లు కనబడితే దూకాలనిపిస్తుంది. వెంట్రుకలకి రాసిన గోమార్ల మందుతో సహా దూకుతుంది. ఐదు నిమిషాల వీడియోకోసం వేసవంతా నడవాల్సిన నీళ్లు పాడుచేయడం నాకైతే మింగుడుపడదు. మీ కుక్కకి నీళ్లు మీరే మోసుకెళ్లండి. దొనకి పది గజాల ఇవతలే గొలుసు బిగించండి.

నీళ్లు మోయడం కుక్కకోసమూ అవసరమే. మనలా దానికి ఒళ్లంతా చెమటపట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని ఫ్యాను. మామూలుగా దాని ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర ఉంటుంది. 105 దాటితే ప్రాణంమీదికొచ్చినట్టే. కనిగిరి ఎండల సంగతి కనిగిరివాళ్లకి చెప్పేదేముంది! మీకు బూట్లున్నాయి, దానికి లేవు. బండమీద మీ అరచేతి వెనకభాగం ఆనించి ఏడు లెక్కపెట్టండి. ఆన్చలేకపోతే దాని పాదాలూ ఆన్చలేవు. వేసవిలో తెల్లారకముందే ఎక్కి, ఎండ ముదరకముందే దిగిపోవాలి. పగ్‌లాంటి చప్పిడిముక్కు కుక్కల్ని వేసవిలో కొండెక్కించడం మాత్రం మానుకోండి. వాటికి నేలమీద ఊపిరాడటమే గొప్ప. భయపడితే నోరు చేసుకునే కుక్కయితే మూతికి చిక్కం వేయండి. కానీ రొప్పడానికి నోరు తెరుచుకునే వీలున్న బుట్ట చిక్కం కావాలి. గుడ్డతో బిగించేది కాదు.

ఇంత చెప్పాక ఎవరో ఒకరు ధర్మరాజుని తెస్తారు. 'ఆయన కుక్కని వదిలి స్వర్గానికే రానన్నాడు, మేం కొండకి వదిలి వెళ్లాలా?' అని. మంచి ప్రశ్నే. చంద్రశేఖరపురం దగ్గరి భైరవకోనకి వెళ్తే, ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలకీ క్షేత్రపాలకుడు భైరవుడు. ఆయన వాహనం కుక్క. కాబట్టి కొండకీ కుక్కకీ పడదని ఎవరూ అనడం లేదు. 1875లో ష్లింగెల్ కాదు, చింగెల్ అనే ఆడకుక్క ఐరోపాలో మౌంట్ బ్లాంక్ శిఖరమే ఎక్కింది. 2018 నవంబరులో నేపాల్‌లో మేరా అనే వీధికుక్క ఒక బృందం వెంటపడి 7,129 మీటర్ల బరుంట్సే ఎక్కి దిగింది. మహాభారతంలోని ఆ కుక్క సంగతే చూడండి. అంతదూరం నడిచింది... వెనకాల నడిచింది. దారిలో ఎవరి గొర్రెల్నీ తరిమినట్టు వ్యాసుడు రాయలేదు.

తీసుకెళ్లండి. కాకపోతే బండలెక్కే పనుంటే ఇద్దరు కాదు, ముగ్గురు వెళ్లండి. ఒకరు ఎక్కడానికి, ఒకరు తాడు పట్టుకోవడానికి, ఒకరు గొలుసు పట్టుకోవడానికి. వంతులు మార్చుకోండి. మూడో మనిషి దొరకలేదంటే ఆ వారం కుక్కకి ఇంటి వెనక వేపచెట్టు కిందే ఆదివారం. సాయంత్రం చల్లబడ్డాక గొలుసు పట్టుకుని ఊరి బయటదాకా తిప్పుకురండి. కవర్లు మర్చిపోకండి.